ఆరు వారాల కోసం

నేను వ్యాన్ తలుపు తీయడం, ఆమె సైకిలు వచ్చి దానికి గుద్దుకోవడం ఒకేసారి జరిగాయి. వెనక అద్దం చూసి తలుపు తీయాలన్నది కొరియర్ పనిలో మొదటి పాఠం. ఆ రోజు పార్శిల్ మీద చిరునామా తప్ప నాకింకేం కనబడలేదు.

"కళ్ళు నెత్తికెక్కాయా..." అంటూ లేచిన మనిషి, మాట పూర్తి కాకుండానే చెంప పట్టుకుని రోడ్డు మీదే కూర్చుండిపోయింది.

ఆసుపత్రిలో ఎక్స్‌రే చూపించి డాక్టరమ్మ చెప్పింది. "కింది దవడ విరిగింది. రెండు దారులున్నాయి. ఆపరేషన్ చేసి ప్లేట్ బిగిస్తే ఎముక సరిగ్గా కూర్చుంటుంది, వారంలో మాట్లాడొచ్చు. కానీ ఆ పక్కనే నరం ఉంది. కింది పెదవి మొద్దుబారొచ్చు. చాలామందికి తగ్గిపోతుంది, కొందరికి తగ్గదు."

"రెండోది?" అన్నారు ఆ అమ్మాయి వాళ్ళ నాన్న. ఆయన టైలరు.

"కోత లేకుండా, పై పళ్ళనీ కింది పళ్ళనీ కలిపి తీగలతో కట్టేస్తాం. ఆరు వారాలు నోరు తెరవకూడదు, అన్నీ తాగడమే. దవడ బిగుసుకోవచ్చు, పళ్ళ కలయికలో తేడా రావొచ్చు. ఈ విరుపుకి రెండూ పనిచేస్తాయి. రేపు ఉదయం చెప్పండి."

ఆమె ఫ్లూట్ టీచరు. ఇంకో పది వారాల్లో ఆర్కెస్ట్రాకి సెలక్షన్. ఉన్నది ఒక్క సీటు, దాని కోసం నాలుగేళ్ళుగా ఎదురుచూస్తోంది. పెదవి మొద్దుబారినా, దవడ పక్కకి జరిగినా ఇక వాయించడం కుదరదు.

నాన్నగారు నన్ను తన్నకుండా టీ ఇప్పించారు. "మా అమ్మాయి నోరు మూయించిన మొగాడివి నువ్వొక్కడివే," అన్నారు. ఆయన నవ్వలేదు, నేనూ నవ్వలేదు.

మర్నాడు వెళ్ళేసరికి ఆమె ఒక నోట్‌బుక్ నా ముందుకి తోసింది. 'తలుపుగారూ! నాన్న నీ ఇష్టం అంటున్నారు. డాక్టరమ్మ మీ ఇష్టం అంటోంది. ఒక్కళ్ళయినా వాళ్ళ ఇష్టం చెప్పండి. మీరైతే ఏం చేయించుకుంటారు?'

"తీగలు," అన్నాను తడుముకోకుండా.

తన పెదవి గురించి ఆలోచించే చెప్పానని ఆమె అనుకుంది. అబద్ధం. తిట్టబోయి ఆగిపోయిన ఆ ముఖం నాకు ముందురోజే నచ్చేసింది. ప్లేట్ వేస్తే వారంలో ఇంటికెళ్ళి నన్ను మర్చిపోతుంది. తీగలైతే ఆరు వారాలు రోజూ వెళ్ళడానికి నాకో సాకు.

ఆ ఆరు వారాలూ నేను బతికాను. పొద్దున్నే జ్యూసు, సాయంత్రం సూపు. వాంతి వస్తే తీగలు తెంచడానికి కటింగ్ ప్లయర్ ఎప్పుడూ దగ్గరుండాలన్నారు, నేనున్నంతసేపూ అది నా జేబులో ఉండేది. ఆమె స్ట్రాతో తాగుతూ, రెండో చేత్తో నన్ను తిడుతూ రాసేది.

'ఈ సూపులో ఉప్పు ఏది?'

"వేశానండీ."

'చూసి వేశారా, చూడకుండా తలుపు తీసినట్టు వేశారా?'

వాన పడిన రోజు వ్యాన్‌లో తిప్పాను. నోట్‌బుక్ ఇంట్లో మర్చిపోయి, ఆవిరి పట్టిన అద్దం మీద వేలితో రాసింది: 'నవ్వించకండి, నొప్పి.' నేను ఇంకా నవ్వించాను. ముక్కుతో నవ్వి, నా భుజం మీద ఒక్కటిచ్చింది.

తీగలు విప్పారు. "ఆకలి," అంది మొదటి మాటగా. పళ్ళు కలిపి చూసుకుని ఆగిపోయింది. కింది వరస వెంట్రుకవాసి కుడికి జరిగి ఉంది.

"కుట్టు తప్పితే విప్పి మళ్ళీ కుడతాం. ఎముకకి ఆ వీలుందా, డాక్టరుగారూ?" అన్నారు నాన్నగారు.

"ఉంది. కానీ మళ్ళీ విరగ్గొట్టి సరిచెయ్యాలి. కోలుకోవడానికి నెలలు పడుతుంది."

సెలక్షన్‌కి నాలుగు వారాలే ఉన్నాయి. ఆమె పళ్ళ మధ్య ఐస్‌క్రీమ్ పుల్లలు పేర్చి, రోజుకో పుల్ల పెంచుతూ నోరు తెరవడం సాధన చేసింది. నోరు తెరుచుకుంది. ఫ్లూట్ మాత్రం పలకలేదు. ఊదిన గాలి రంధ్రం అంచుకి తగలకుండా పక్కనుంచి పోయేది. నేను తేలు కుట్టిన దొంగలా వింటూ కూర్చునేవాణ్ణి.

సెలక్షన్ రోజు నాలుగు నిమిషాల్లో బయటికొచ్చేసింది. వ్యాన్ ఎక్కి, ఫ్లూట్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఇంటి ముందు ఆపాక ఇక నావల్ల కాలేదు.

"తీగలని చెప్పింది మీ పెదవి కోసం కాదు. ఆరు వారాలు మిమ్మల్ని చూడొచ్చని. మీరంటే ఇష్టం."

ఆమె నా వైపు తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు, అంతకు మించి కోపం.

"ఆ మాట ఆ రోజే చెప్పుంటే ఏం పోయేది? ప్లేట్ వేయించుకున్నా రోజూ రమ్మనేదాన్నిగా!"

నాకు చచ్చిపోవాలనిపించింది. ఆమె కళ్ళు తుడుచుకుని, వ్యాన్ తలుపు మీద చెయ్యి వేసింది.

"నీ మీద కోపం ఎప్పటికి తగ్గుతుందో తెలీదు," అంది చివరికి, మొదటిసారి నన్ను నువ్వంటూ. "అసలు తగ్గుతుందో లేదో కూడా తెలీదు. రేపు పొద్దున మాత్రం రా. ఆ ఫ్లూట్‌తో ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేను."