కెల్లీవిల్‌లో ఈల

కెల్లీవిల్‌లో ఆ మూల ఇంటి ముందు పొద్దువాలితే ఎవరూ కుక్కను కూడా నడిపించరు. మనిషి లేని ఇల్లు... అయినా లోపల్నుంచి ఈల వినిపిస్తుంది. సన్నగా — బిగబట్టిన ఊపిరి వదిలినట్టు.

ఏడాది కిందట లీల గారు పోయింది ఆ ఇంట్లోనే. భర్త శ్రీపతి గారు అక్కడ ఉండలేక కాన్‌బెర్రా వెళ్ళిపోయారు. కొందామని వచ్చినవాళ్ళు ఈల విని అటునుంచటే పోయేవారు. "లీల తిరుగుతోంది" అన్న మాట వీధంతా పాకింది.

పాకి పాకి కూతురు లాస్య చెవిన పడింది. ఆమె నాకు చెప్పినట్టే చెబుతున్నా.

పారమట్టాలో ఆఫీసు నుంచి నేరుగా వచ్చేసింది. పక్కింటి రామచంద్ర గేటు దగ్గరే ఆపాడు.

"లోపలికి వద్దమ్మా..." గొంతు తగ్గించాడు. "మట్టితో గుడ్లగూబలూ నక్కలూ చేసి ఇంట్లో పెట్టొద్దని మీ అమ్మకి అప్పుడే చెప్పా. వింటేనా! శాంతి చేయించు."

లాస్యకి ఒళ్ళు మండిపోయింది.

"ఆంటీకి సర్జరీ అయినప్పుడు రోజూ మీకు క్యారేజీ పంపింది మా అమ్మ. ఆవిణ్ణి దెయ్యం చేస్తారా అంకుల్?"

ఆయన్ని దాటుకెళ్ళి తాళం తీసింది.

కరెంటు లేదు. ఫోన్ లైటు వేసుకుని, అమ్మ కుండలు చేసుకునే వెనక గదిలోకి వెళ్ళింది. తడిమట్టి వాసన. అలమర నిండా కళ్ళు — నక్క, కోతి, ఒంటెలాంటి లామా. వేల ఏళ్ళ కిందటి పెరూ కుండల్ని మ్యూజియంలో చూసొచ్చి, అమ్మ అచ్చం అలాగే చేసినవి.

ఈల... సరిగ్గా మెడ వెనక!

"అమ్మా?" అనేసింది లాస్య.

అని, తన మీద తనకే అసహ్యమేసింది. వాళ్ళ మాటే తన నోట్లోంచి వచ్చిందని. పళ్ళు కొరికి, గిర్రున తిరిగి లైటు కొట్టింది.

రెండు కళ్ళు మెరిశాయి.

పోసమ్ — ఇళ్ళ కప్పుల్లో దూరే, పిల్లి అంత జంతువు! సీలింగ్ కన్నంలోంచి దిగుతూ ఓ కుండ మీద కాలేసింది. స్పాంజి మీదున్న ఆ కుండ ఊగింది... ఈల వేసింది.

అది జంట కుండ. పొట్టలు రెండూ కలిసి ఉంటాయి, ఒకదాని మీద గుడ్లగూబ. సీలింగ్ కన్నంలోంచి కారిన వాన లోపల చేరింది. ఊగితే నీళ్ళు ఒక పొట్టలోంచి ఇంకోదాన్లోకి పోయి, గాలిని గుడ్లగూబ తలలోంచి తోస్తాయి.

నేలకేసి కొడదామని ఎత్తింది. చెయ్యి ఆగిపోయింది.

ఆ ఈల కోసమే అమ్మ ఏళ్ళ తరబడి తంటాలు పడింది. ఒక్కటీ పలకలేదు. ఈ ఆఖరిది కాల్చి తెచ్చేసరికి మంచం పట్టింది. నీళ్ళు పోసి చూడనేలేదు.

లాస్య కుండతో పక్కింటి తలుపు దబదబా బాదింది. రామచంద్ర తలుపు తీయగానే ఆయన ముఖం ముందే కుండని వంచింది. ఈల.

"ఇదా!" నోరు తెరిచాడాయన. "అబ్బ... ఎంత బాగా చేసింది! ఏదీ, ఇంకోసారి వినిపించమ్మా."

"ఏడాదంతా విన్నారుగా అంకుల్."

కుండలో నీళ్ళు ఆయన గుమ్మంలోనే ఒంపేసి, కారెక్కింది.