కోరలు కొలిచిందెవరు?

మణికోన రాజ్యంలో ఒక సాయంత్రం ఘోరం జరిగింది. వేట నుంచి జ్వరంతో తిరిగివచ్చిన యువరాజు కీర్తిధరుడు పడక మీదే నల్లరాయి అయిపోయాడు. జ్వరానికి కషాయం కాచి ఇచ్చిన మందులావిడ సూరాంబను భటులు ఈడ్చుకుపోయారు. ఆమె మంత్రగత్తె అనీ, కషాయంలోనే మంత్రం కలిపిందనీ ఊరంతా అంది. విచారణ లేకుండానే రాజు వారం గడువు పెట్టి ఉరి వేయమన్నాడు.

సూరాంబ కూతురు చెంగల్వ సభలోకి దూసుకువెళ్లింది.

"మా అమ్మ మంత్రం వేస్తుంటే చూసినవాళ్లెవరు?"

"చూడ్డం దేనికమ్మాయ్? లోకమంతా అంటోందిగా!" అన్నాడు మంత్రి.

చెంగల్వకు ఒళ్లు మండిపోయింది. "ఆ రాయిని నేను మనిషిని చేస్తాను. ఏడో రోజుదాకా మా అమ్మ జోలికి వెళ్లారో, జాగ్రత్త!" అని, యువరాజు వేటాడిన చీకటికోన దారి పట్టింది.

అడవి అంచున వాగు అడ్డం వచ్చింది. రేవులో మొసలి ఉందని పశువుల కాపరులంతా కేకలేశారు. "మీరంతా చెప్పేవి అబద్ధాలే!" అంటూ చెంగల్వ కసిగా నీళ్లలోకి దిగింది. మోకాలి లోతులోనే మొసలి నోరు తెరిచింది. ఒడ్డున ఉన్న ముని ఒకాయన ఆమె జడ పట్టి వెనక్కి లాగాడు కాబట్టి బతికింది.

"అందరూ అన్నారు కాబట్టి నిజమని వాళ్లనుకున్నారు. అందరూ అన్నారు కాబట్టి అబద్ధమని నువ్వనుకున్నావు. ఆలోచించిందెవరు?" అన్నాడు ముని.

"మరి నన్నేం చెయ్యమంటారు?" చెంగల్వ పళ్లు కొరికింది.

"పదిమంది మాటతోనే మొదలుపెట్టు తల్లీ. అందులో ఒకదానితో ఒకటి పొసగనివి ఉంటాయి. అక్కడ పట్టుకుని నిలదియ్యి." ఆయన ఎగువన రాతివంతెన చూపించాడు.

చీకటికోన గుహలో రాక్షసుడున్నాడనీ, లోపలికి వెళ్లినవాళ్లెవరూ తిరిగిరారనీ అందరూ అంటారు. వాడి కోరలు మూరెడు పొడవనీ వాళ్లే అంటారు. ఎవరూ తిరిగిరాకపోతే కోరలు కొలిచిందెవరు? గుహ ముందు నిలబడి ఆలోచించిన చెంగల్వ నేరుగా లోపలికి నడిచింది.

రాక్షసుడు నెమలి రెక్కకు కట్టు కడుతున్నాడు. కోరలు చూస్తే బెత్తెడు కూడా లేవు.

"నేనంటే భయం లేదా?" అని గర్జించాడు.

"ఉంది. కోపం అంతకంటే ఎక్కువుంది. యువరాజును రాయి చేసింది నువ్వేనా?"

"నేనే! సరదాకి నా నెమలి రెక్క విరగ్గొట్టాడు. శపించాను."

"వాడి తప్పుకు మా అమ్మ ఉరికంబం ఎక్కాలా?"

జరిగిందంతా విని రాక్షసుడు తలదించుకున్నాడు. "ఈ కోనలో మేక తప్పిపోయినా నా పేరే చెబుతారు. ఒక్కడూ వచ్చి అడగలేదు. ఇదిగో, శాపం తీర్చే ఊటనీళ్లు. కానీ ముందే చల్లావంటే నిన్ను కూడా మంత్రగత్తె అంటారు. మొదట మీ అమ్మ తప్పు లేదని ఒప్పించు."

చెంగల్వ తిరిగివచ్చేసరికి ఏడో రోజు పొద్దున సూరాంబను ఉరికంబం దగ్గర నిలబెట్టారు. రాజు, మంత్రి, ఊరు ఊరంతా అక్కడే ఉన్నారు.

"కషాయం కడుపులోకి పోతేనే పనిచేస్తుంది. ఒప్పుకుంటారా?" చెంగల్వ గట్టిగా అడిగింది.

"అందరికీ తెలిసిందేగా!" అన్నారు జనం.

"అయితే యువరాజు అది తాగడం ఎవరైనా చూశారా? ఆ కషాయం గిన్నె తెప్పించండి."

యువరాజు పడక పక్క నుంచి దాది తెచ్చిన గిన్నె అంచుదాకా నిండి, బూజు పట్టి ఉంది. "యువరాజు దీన్ని తాకనే లేదు," అంది దాది.

"మీరు ఒప్పుకున్న మాటే అడుగుతున్నాను. తాగని మందు మనిషిని ఎలా రాయి చేసింది?"

"కానీ అందరూ..." అని మంత్రి నసిగాడు.

"అందరూ అంటే ఎవరు? పేరు చెప్పండి!"

మంత్రి వెనక్కి తప్పుకున్నాడు, రాజు ఉరి ఆపమన్నాడు.

చెంగల్వ అంతఃపురానికి వెళ్లి నీళ్లు చల్లగానే కీర్తిధరుడు లేచి కూర్చున్నాడు. సంగతి విని సిగ్గుపడి, రాక్షసుణ్ణి క్షమాపణ అడగడానికి కాలినడకన బయలుదేరాడు. రాజు తన చేతులతోనే సూరాంబ సంకెళ్లు విప్పి, చెంగల్వను న్యాయపీఠం మీద కూర్చోబెట్టాడు.

ఇరుగుపొరుగు గుంపుగా వచ్చి, "అందరూ అంటుంటే మేమూ అన్నామమ్మా," అన్నారు.

చెంగల్వ కోపం ఇంకా దిగలేదు. "గుంపుగా కాదు, ఒక్కొక్కరే రండి. మీ కళ్లతో ఏం చూశారో చెప్పి, మా అమ్మను క్షమించమని అడగండి. ఇదే నా మొదటి తీర్పు!" అంది.

ఆ వరస పొద్దు వాలేదాకా సాగింది. వరసలో మొదట నిలబడ్డవాడు రాజు.