రొయ్యల చెరువు పేటెంటు

తలుపు మీద మళ్ళీ కొడుతున్నారు.

ఇది మూడోసారి!

సీమోను కదలడు. ఊపిరి కూడా బయటికి రానివ్వడు.

అప్పనపల్లి అవతల, రొయ్యల చెరువు గట్టు మీద రేకుల షెడ్డు. బయట వాన దంచుతోంది. మధ్యాహ్నం రెండున్నరకే పొద్దుగూకినట్టుంది.

"నేను తప్ప ఎవరొచ్చినా తలుపు తీయకు. దేవుడొచ్చి కొట్టినా సరే!"

అది భీమరాజు మాట. నాలుగు రోజులుగా పూటకోసారి చెబుతున్నాడు.

"సీమోను గారూ... ఉన్నారాండీ?"

కొత్త గొంతు. మెత్తగా, మర్యాదగా ఉంది.

సీమోను రేకు సందులోంచి చూశాడు. మనిషి మొహం కనపడలేదు. చెయ్యి కనపడింది. ఆ చేతిలో...

క్యారేజీ!

నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీ. పిడి ఊడిపోతే రాగి తీగ చుట్టి తనే బిగించాడు. అది తన ఇంటి క్యారేజీ!

"మీ ఆవిడ గారు పంపేరండీ. వేడిగా ఉన్నప్పుడే తినేయమన్నారు."

సత్యవతి పంపిందా? అయితే మనవాళ్ళే. బుర్ర ఇంకా ఆలోచిస్తూనే ఉంది, చెయ్యి గడియ తీసేసింది.

బుద్ధి గడ్డి తినడమంటే ఇదే!

ఇద్దరు లోపలికి వచ్చారు. ముందున్నవాడు సన్నగా, తెల్లచొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయి ఉన్నాడు. చెప్పులు గుమ్మం బయటే విప్పాడు. వెనకాలవాడు తలుపంత ఉన్నాడు. వాడి చేతిలో అరటి గెలలు కోసే కత్తి.

"నా పేరు నాగసతీష్ అండి. మాది రావులపాలెం. వీడు మా రాంబాబు."

"మీరు... ఏ కంపెనీ అండీ?"

"వెరిడాన్ అండి."

సీమోను గోడ దాకా వెనక్కి జరిగాడు.

ఈ రక్తాల గోలంతా ఒక్క వేలి గీత గురించి! సెల్‌ఫోన్ అద్దం మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకి జరిపితే ఫోన్ తెరుచుకుంటుంది. ఆ జరపడం మా సొత్తు అని వెరిడాన్ కంపెనీ 2005లో పేటెంటు రాయించుకుంది. క్యూబెల్ కంపెనీ అదే పని తన ఫోన్లలో పెట్టింది. దావా పడింది. ఇప్పుడు 2009. నాలుగు దేశాల కోర్టుల్లో లాయర్లు అరుచుకుంటున్నారు.

ఆ గీతని 2002లోనే ఈ చెరువు గట్టు మీద గీసినవాడు రాజోలు టీవీ మెకానిక్ సీమోను.

నీళ్ళలోకి గాలి చిలికే చక్రాలుంటాయి. ఏరేటర్లంటారు. ఉప్పు చేతులతో నొక్కి నొక్కి వాటి స్విచ్చులు తుప్పు పట్టిపోతున్నాయని రైతులు మొత్తుకున్నారు. సీమోను ఒక గాజు పలక తీసుకున్నాడు. చుట్టూ పాత టీవీ రిమోట్ల బల్బులు బిగించాడు. స్విచ్చు లేదు, గిచ్చు లేదు. పలకని ముట్టుకుంటే ఏరేటర్లు తిరుగుతాయి. అంతా బాగానే ఉంది గానీ, కప్ప గెంతి కూర్చున్నా తిరిగేసేవి! కప్పకి చేతకాని పనేమిటా అని ఆలోచించాడు. వేలు ఈ చివర నుంచి ఆ చివరకి జరిపితేనే పనిచేసేట్టు మార్చాడు.

మొదటిసారి నడిపిన రోజు ఊరి రైతులంతా గట్టెక్కారు. పెళ్ళిళ్ళ వీడియో తీసే అతను క్యాసెట్టు తీశాడు. మూలన తేదీ పడింది. 9-6-2002.

ముందే ఇంకొకడు చేసిన పనికి పేటెంటు చెల్లదు. రేపు ఉదయం పదింటికి హైదరాబాదు కోర్టులో ఆ క్యాసెట్టు చూపించి, ఎలా చేశాడో సీమోను చెబితే వెరిడాన్ పేటెంటు చిత్తుకాగితం. అందుకే క్యూబెల్ వాళ్ళు అతన్ని దాచారు. కాపలాకి మాజీ పోలీసు భీమరాజుని పెట్టారు.

అందుకే వెరిడాన్ ఈ తెల్లచొక్కా మనిషిని పంపింది.

"మా ఆవిడ... సత్యవతి..."

"ఆయ్! బంగారంలాంటి మనిషండీ. కంపెనీ వాళ్ళమండి అన్నాం. ఏ కంపెనీ అని కూడా అడగలేదు. భోజనాల వేళకి వచ్చేరు, తినకుండా పంపుతామా అని ఆకులేసేసేరు. మామిడికాయ పప్పు, కొరమేను పులుసు. మా వాడు మూడుసార్లు వడ్డించుకున్నాడు. మీరెటూ ఆయన దగ్గరికే కదండీ, ఈ క్యారేజీ అందించేయండి అని దారి కూడా ఆవిడే చెప్పేరు."

గుమ్మంలోకొచ్చినవాడికి ఓ ముద్ద పెట్టకుండా పంపితే ఈ గోదారి సీమలో తలవంపులు. ఆ మర్యాదే మొగుడి పీక మీదకి తెచ్చింది. ఆమెని అనడమెందుకు? ఎక్కడుంటావో, ఏం తింటావో అని ఏడిస్తే, భీమరాజు వద్దన్నా ఈ చోటు చెప్పింది తనే! సీమోనుకి తన చెంప తనే వాయించుకోవాలనిపించింది.

"ఆవిణ్ణి ఏం చేశారు?"

"ఛఛ! ఇంకా ఏమీ చెయ్యలేదండీ. క్యాసెట్టు దొరక్కపోతే రాత్రి భోజనానికి మళ్ళీ వస్తామని చెప్పేం. పాపం, తప్పకుండా రండి అన్నారు."

రాంబాబు కిసుక్కున నవ్వాడు.

"ఇంతకీ క్యాసెట్టేదండీ? తిని ఇస్తారా? ఇచ్చి తింటారా?"

క్యాసెట్టు సీమోను నడుం దగ్గరే ఉంది. ప్లాస్టిక్ కవర్లో, చొక్కా లోపల.

"తిని... తిని ఇస్తానండీ."

"శుభ్రంగా తినండి. ఆకలితో పోకూడదు."

పోకూడదా!

క్యాసెట్టు ఇచ్చినా చంపుతారు. అది తెలిసిపోయింది.

సీమోను క్యారేజీ విప్పుతున్నాడు. పై గిన్నె అన్నం. రెండోది పప్పు. మూడోది పులుసు... ఇంకా పొగలు కక్కుతోంది.

రాంబాబు వంగి చూశాడు. వాసనకి వాడి నోరూరినట్టుంది.

ఒక్క విసురు!

పులుసంతా వాడి కళ్ళలో!

"అమ్మో!..."

వాడు కత్తి వదిలేసి గుడ్డిగా బయటికి పరుగెత్తాడు. గట్టు మీద బురద. కాలు జారింది. చెరువులోకి, సరిగ్గా ఏరేటరు మీదకి పడ్డాడు.

నాగసతీష్ చెయ్యి మెరుపులా కదిలింది. చిన్న కత్తి. సీమోను భుజం చీలింది.

గుమ్మం పక్కనే తను బిగించిన గాజు పలక.

సీమోను వేలు జరిపాడు. ఈ చివర నుంచి... ఆ చివరకి!

పన్నెండు ఏరేటర్లు ఒక్కసారి లేచాయి!

ఆ కేక మనిషి కేకలా లేదు. రాంబాబు చెయ్యి చక్రం రెక్కల్లో ఇరుక్కుంది. చక్రం ఆగదు. నీళ్ళు ఎర్రగా ఎగిరిపడుతున్నాయి.

సీమోను పలక వైపు చూశాడు. రొయ్యలకి ఊపిరి పోయడానికి చేసింది ఇది! ఆపుదామని చెయ్యి చాచాడు. ఆపితే తను చస్తాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వెనక గుమ్మంలోంచి దూకి పరుగు!

నాగసతీష్ చెరువు వైపు ఒక్కసారి చూశాడు.

"కాస్త ఓర్చుకో రాంబాబూ. ఇప్పుడే వచ్చేస్తాను."

చెప్పులు తొడుక్కుని మోటార్‌సైకిల్ ఎక్కాడు.

కొబ్బరితోట.

బోదె.

ఆ పిల్లకాలవ మీద కొబ్బరి దుంగ వంతెన. నాచు పట్టి జారుతోంది. సీమోను నాలుగు కాళ్ళ మీద పాకి దాటాడు. పరుగెత్తుతూనే ఫోన్ తీశాడు.

"సార్! వచ్చేశారు సార్! ఇద్దరు!..."

"తలుపు తీశావా?" భీమరాజు గొంతు. "సరే, తర్వాత తిడతాను. రేవుకి రా! పోలయ్య పడవ సిద్ధంగా ఉంది. పరిగెత్తు!"

పక్కన గట్టు రోడ్డు మీద మోటార్‌సైకిల్ మోత. చెట్ల సందుల్లోంచి లైటు... పోయింది... మళ్ళీ వచ్చింది.

"నిదానమండీ! పడతారు!"

వెటకారం కాదు. నిజంగానే అంటున్నాడు. అదే భయంగా ఉంది!

రొమ్ము పగిలిపోతోంది. భుజం నుంచి నెత్తురు మోచేతి దాకా కారుతోంది. క్యాసెట్టుని చేత్తో అదుముకుని పరుగెడుతున్నాడు. సత్యవతి... ఆమె దగ్గర ఫోను కూడా లేదు. సాయంత్రం లోపల ఎవరైనా సత్యవతి దగ్గరికి వెళ్ళాలి!

రేవు కనపడింది. ఒడ్డున భీమరాజు. చేతిలో రివాల్వరు.

"కిందకి వంగు!"

సీమోను బోర్లా పడ్డాడు.

ఢాం!

నాగసతీష్ మోటార్‌సైకిల్ పక్కకి వాలిపోయింది. మనిషికి తగల్లేదు. కొబ్బరిచెట్టు చాటుకి దొర్లాడు.

భీమరాజు సీమోనుని కాలరు పట్టి లేపి, బస్తాలా పడవలోకి విసిరాడు.

"పోలయ్యా, పోనీ!"

"ఆయ్!"

ఇంజను దగ్గింది. మళ్ళీ దగ్గింది. అంటుకుంది!

ఒడ్డు వెనక్కి జరుగుతోంది.

పది గజాలు... యాభై... వంద...

బతికాడు! సీమోను పడవ అడుగున కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. పోలయ్య చుక్కాని పట్టుకునే ఇటు చూసి, తన తలగుడ్డ విప్పి ఇచ్చాడు. భీమరాజు దాంతో భుజానికి కట్టు కట్టాడు.

"సార్, మా ఆవిడ దగ్గరికి మళ్ళీ వెళ్తామన్నారు సార్..."

"అవతల ఒడ్డున కారుంది. ఎక్కగానే స్టేషన్‌కి ఫోన్ చేస్తాను. ఇద్దరు కానిస్టేబుళ్ళు మీ అరుగు మీద కూర్చుంటారు. సరేనా?"

"ఆయ్... మీ రుణం తీర్చుకోలేనండి."

"ఇప్పుడు అవన్నీ ఎందుకు? రేపు కోర్టులో తడబడకు. అంతే."

సీమోను కళ్ళు తుడుచుకున్నాడు. నాలుగు రోజులుగా అడగాలని, సిగ్గుపడి ఊరుకున్న మాట ఒకటుంది.

"సార్... కోర్టు కాగితాల్లో నా పేరు వేస్తారాండీ?"

భీమరాజు నవ్వాడు.

"మొదటి పేజీలోనే వేస్తారయ్యా."

గోదారి వైనతేయ పాయ సముద్రపు పోటు మీదుంది. పడవ సగం దూరం వచ్చింది. సీమోను వెనక్కి చూశాడు.

నాగసతీష్ రేవు మెట్ల మీద నిలబడి ఉన్నాడు. చెవి దగ్గర ఫోను. తలాడిస్తున్నాడు. కత్తి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇటు చూసి చెయ్యి ఊపాడు.

"సార్! వాడు వెళ్ళిపోతున్నాడు సార్!"

అప్పుడే భీమరాజు ఫోను మోగింది.

"చెప్పండి రేవతి గారూ." క్యూబెల్ లాయరు ఆవిడ. "మనిషి క్షేమమండి. క్యాసెట్టు కూడా ఉంది... ఆయ్?... ఎప్పుడండీ?... ఇద్దరూనా?..."

భీమరాజు మొహంలో రంగు మారుతోంది.

"అది నా పని కాదండీ... కాదంటే?... ఆయ్. ఆయ్, అర్థమైందండీ."

ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"ఏంటి సార్?"

"రాజీ అయిపోయింది సీమోనూ. రెండు కంపెనీలూ ఒకటైపోయాయి. గంట క్రితం సంతకాలు పెట్టేశారంట."

"మంచిదే కదండీ!" సీమోను మొహం వెలిగిపోయింది. "ఇంకేం గొడవ లేదు. పడవ తిప్పించండి సార్, ఇంటికెళ్ళిపోతాను!"

భీమరాజు తల అడ్డంగా ఊపాడు.

"పేటెంటు ఇప్పుడు ఇద్దరిదీ. మిగతా ఫోన్ల కంపెనీలన్నిటి దగ్గరా ఇద్దరూ కలిసి వసూలు చేసుకుంటారు. అది బతికుండాలి."

"బతకనివ్వండి. నాకేం నష్టం?"

"నువ్వుంటే అది బతకదయ్యా."

వాన చప్పుడు. ఇంజను చప్పుడు.

ఆంబోతుల కొట్లాటలో లేగల కాళ్ళు విరుగుతాయంటారు. ఆంబోతులు రాజీ పడితే ఏమవుతుందో సీమోనుకి ఎవరూ చెప్పలేదు.

చొక్కాలోంచి క్యాసెట్టు లాగి, ఉన్న బలమంతా పెట్టి గోదాట్లోకి విసిరేశాడు.

"అయిపోయిందండీ! ఇంకేం లేదు! నేనేం చెయ్యలేదు, నాకేం తెలీదు! ఎక్కడ కావాలంటే అక్కడ వేలిముద్ర వేస్తాను!"

"క్యాసెట్టు పోతే ఏం? పాత రిమోట్లు నాలుగు పడేస్తే వారంలో మళ్ళీ చేసి చూపిస్తావు."

"చెయ్యనండీ! మా ఆవిడ మీద ఒట్టు!"

భీమరాజు రివాల్వరు తీశాడు.

"పోలయ్యా, ఇంజను ఆపు."

ఆగింది. పడవ అడ్డం తిరిగి పోటుకి ఊగుతోంది.

"బాబూ..." పోలయ్య చుక్కాని వదిలేసి రెండు చేతులూ జోడించాడు. "నాకేమీ వినపళ్ళేదండీ. ఇంజను మోతండీ బాబూ. ఒక్క ముక్క వినపళ్ళేదు."

ఢాం!

సీమోను తన గుండె తడుముకున్నాడు. గాయం లేదు!

వెనక నీళ్ళు దబ్బున చిందాయి. చుక్కాని దగ్గర ఎవరూ లేరు.

"వినపళ్ళేదన్నాడు కదండీ!" సీమోను అరిచాడు.

"వినపడింది కాబట్టే అన్నాడు."

భీమరాజు గొంతులో కోపం లేదు, జాలీ లేదు. రివాల్వరుని రెండు చేతులా పట్టుకున్నాడు.

"సార్... నన్ను మీ ఇష్టం. స్టేషన్‌కి మాత్రం ఫోన్ చెయ్యండి. సత్యవతి ఒక్కతే ఉంది. కానిస్టేబుళ్ళని పంపుతానన్నారు కదండీ... మాటిచ్చారు కదండీ!"

భీమరాజు రివాల్వరు అతని వైపు తిప్పాడు.

రేవులో మోటార్‌సైకిల్ స్టార్టయింది. నాగసతీష్ గట్టెక్కాడు. కుడివైపు తిరిగితే రావులపాలెం, వాడి ఊరు. ఎడమవైపు రాజోలు.

లైటు ఎడమవైపు తిరిగింది.

"అటెందుకెళ్తున్నాడు సార్?... సార్, గొడవ అయిపోయిందన్నారు కదా! అటెందుకు?"

"వాడి మొహం చూసింది కదయ్యా ఆవిడ. ఎదురుగా కూర్చుని వడ్డించింది."

సీమోను దూకాడు.

రివాల్వరు మీదకే దూకాడు! గొట్టం అతని గుండెకే ఆనింది.

ఢాం!