నాలుగో షట్టరు వెనక గొంతు

ఆ కాంప్లెక్సు సెల్లారులో నాలుగో షట్టరు వైపు పొద్దుపోయాక ఎవరూ వెళ్ళరు. పై అంతస్తు టైలరు ఒక రాత్రి స్కూటరు తీసుకుందామని కిందికి దిగి, స్కూటరుని అక్కడే వదిలేసి ఇంటికి నడిచి పోయాడట. జిరాక్సు షాపావిడైతే పట్టపగలు కూడా అటు తల తిప్పదు.

షట్టరు మూసి ఎనిమిది నెలలు. బయట తాళం. లోపల మనిషి లేడు.

కానీ రాత్రి పదిన్నర అయ్యేసరికి — సన్నగా ఒక పాట. పాత వీడియో గేముల్లో కీచుకీచుమంటూ వచ్చే పాట. ఆగుతుంది. మళ్ళీ అదే పాట, మొదట్నుంచి. మళ్ళీ ఆగుతుంది. ఆ తర్వాత... ఒక మగ గొంతు.

అదేమంటుందో వాచ్‌మన్ రెండు మూడుసార్లు విన్నాడు. ఎవరికీ చెప్పలేదు. ఆ మాట తన నోటితో అంటే తన వెంట వస్తుందేమోనని భయం.

ఆ షాపులో ఇదివరకు పాత గేము యంత్రాలు బాగుచేసేవాడొకడు ఉండేవాడు. ఐదు రోజుల జ్వరంతో పోయాడు. వాడికి ఉన్నదల్లా ఒక అక్క. ఏదో ఆఫీసులో ప్రోగ్రాములు రాసే ఉద్యోగం ఆవిడది.

అక్కాతమ్ముళ్ళిద్దరికీ కలిపి ఒకటే పిచ్చి. చిన్నప్పుడు ఆడుకున్న గేము యంత్రం ఇప్పుడు ఎక్కడా తయారవదు. అందుకని అది ఎలా నడిచేదో అచ్చం అలాగే కంప్యూటరు నడిచేట్టు చేసే ప్రోగ్రాం — ఎమ్యులేటర్ — ఇద్దరూ కలిసి చేస్తూ వచ్చారు. రాయడం అక్క వంతు, వినడం తమ్ముడి వంతు. అసలు యంత్రాన్ని పక్కన పెట్టుకుని, రెండూ ఒకేలా మోగుతున్నాయా లేదా అని వినేవాడు. వాడికి పాముచెవులోడని పేరు పెట్టింది అక్కే.

అన్నీ కుదిరాయి, ఒక్కటి తప్ప. గుహలో నడిచే ఐదో ఆటలో వచ్చే డ్రమ్ము.

"ముందుగా పడుతోందక్కా."

"ఎంత ముందుగా?"

"చెప్పలేను. పడుతోంది అంతే."

మూడేళ్ళు ఇదే మాట.

వాడు పోయాక ఆవిడ ఏడవలేదు. బంధువులు మొదట ఓదార్చారు, తర్వాత గుసగుసలాడుకున్నారు. ఆవిడ ఆఫీసుకి వెళ్ళేది, వచ్చేది, తినేది, కంచం కడిగేది. తర్వాత కంప్యూటరు ముందు కూర్చుని ఆ డ్రమ్ము దగ్గర రాసినదాంట్లో ఒక వరస మార్చేది. ఇద్దరూ కలిసి దాచుకునే చోటికి ఇంటర్నెట్టులో పంపేసేది. పడుకునేది. మర్నాడూ అంతే. ఎందుకని అడిగేవాళ్ళు లేరు. చేతులు వాటి పాటికవి చేసుకుపోతుండేవి.

ఇలా ఉండగా షాపు ఓనరు ఫోన్ చేశాడు. రేపు పొద్దున్నకల్లా ఖాళీ చేసి తాళంచెవి ఇచ్చెయ్యాలి.

ఆఫీసు అయ్యి, అట్టపెట్టెలు కొనుక్కుని ఆవిడ అక్కడికి చేరేసరికి పది దాటింది. వాచ్‌మన్ గేటు దగ్గరే అడ్డం నిలబడ్డాడు.

"పొద్దున రండమ్మా. నేనూ సాయం పడతాను."

"పొద్దున తాళంచెవి ఇవ్వాలి."

"అయితే... పదకొండు దాటాక దిగండి."

"ఏం?"

వాచ్‌మన్ గొంతు తగ్గించాడు. "మీ తమ్ముడు... ఇంకా వెళ్ళలేదమ్మా."

ఆవిడ అతని మొహంలోకి చూసింది. కోపం రాలేదు. భయం రాలేదు. "సరే" అని మెట్లు దిగింది.

సెల్లారులో ఒక్క ట్యూబులైటు, అదీ కొట్టుకుంటోంది. నాలుగో షట్టరు ముందు కూర్చుని తాళం తీస్తుంటే — తుప్పు పట్టి తిరగలేదు. రెండోసారి తిప్పింది. మూడోసారి...

లోపల పాట మొదలైంది.

గుహ పాట. ఆవిడకి ప్రతి ముక్కా కంఠతా వచ్చు. చెయ్యి తాళం మీదే ఉండిపోయింది. పాట ఆగింది. చీకటి. ఎక్కడో నీళ్ళ పైపు కారుతున్న చప్పుడు.

మళ్ళీ పాట. మొదట్నుంచి.

మళ్ళీ ఆగింది. ఆ తర్వాత, షట్టరుకి జానెడు అవతల, చెవిలో చెప్పినట్టుగా —

"కాదక్కా... మళ్ళీ."

వాడే. వాడి గొంతే.

ఆవిడ చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. మనసులో మాత్రం ఏమీ కదల్లేదు. ఒళ్ళు వేరే ఎవరిదో అయినట్టు, ఆ చేతుల్ని చూస్తూ కూర్చుంది. తర్వాత తాళం తిరిగింది. షట్టరు పైకెత్తింది.

ఎవరూ లేరు.

బల్ల మీద వేలు మందం దుమ్ము. కుర్చీ ఖాళీ. బల్ల కింద మాత్రం ఒక చిన్న పచ్చదీపం వెలుగుతోంది. వాడి కంప్యూటరు. కరెంటు మీటరూ, నెట్టు కనెక్షనూ ఓనరువే కాబట్టి కట్ చేసినవాళ్ళు లేరు. పక్కనే పాత గేము యంత్రం, దాన్నుంచి కంప్యూటరుకి ఒక వైరు.

ఆవిడ తెర మీద దుమ్ము కొంగుతో తుడిచి వెలిగించింది.

విషయం పది నిమిషాల్లో అర్థమైంది. రోజూ తను వింటున్నట్టు నటిస్తూ ఆ పాముచెవులోడు వినే పని కంప్యూటరుకి అప్పజెప్పేశాడు. రాత్రి పదిన్నరకి ఆ కంప్యూటరు అక్క కొత్తగా పంపినదాన్ని తెచ్చుకుంటుంది. ఒకసారి అసలు యంత్రం మీద పాట, ఒకసారి ఎమ్యులేటరు మీద పాట. రెండూ పోల్చి చూస్తుంది. తేడా ఉంటే వాడు రికార్డు చేసి పెట్టిన మాట వినిపిస్తుంది. అంతే. మనిషి పోయాడని దానికి ఎవరు చెబుతారు?

ఎనిమిది నెలల్లో ఒక్క రాత్రి కూడా అది మానలేదు. ఆవిడా మానలేదు.

తేడా ఎక్కడ వచ్చిందో కూడా ప్రతి రాత్రీ రాసి పెట్టింది. ఆవిడ నేల మీదే కూర్చుని చదివింది. డ్రమ్ము మోగిన ప్రతిసారీ అసలు యంత్రం రవ్వంత సేపు మిగతా పనులన్నీ ఆపి, ఆ శబ్దాన్ని తెచ్చుకుని, మళ్ళీ మొదలుపెడుతోంది. తన ప్రోగ్రాం ఎక్కడా ఆగడం లేదు. అందుకే ఒక్కో డ్రమ్ముకీ వెంట్రుకవాసి తేడా పేరుకుంటోంది.

ఆగాలి. ఒక్క వరస. రాసింది.

రాశాక వాడి ప్రోగ్రాం చివరిదాకా చూసింది. పాటలు కలవకపోతే "కాదు" వినిపించాలి. కలిస్తే "ఔను" వినిపించాలి. "కాదు" ఉంది. "ఔను" లేదు. దాని పక్కన వాడే రాసుకున్న ముక్క: 'ఇది తర్వాత రికార్డు చెయ్యాలి. తొందరేముంది, ముందు అక్కని సరిగ్గా రాయనీ.'

ఆవిడ మీట నొక్కింది.

పాట. ఆగింది. మళ్ళీ పాట. డ్రమ్ము పడాల్సిన చోట పడింది. ఆగింది.

ఆ తర్వాత ఏమీ లేదు. ఆవిడ చాలాసేపు ఎదురుచూసింది. పైపు కారుతోంది. ట్యూబులైటు కొట్టుకుంటోంది.

మెట్ల మీంచి వాచ్‌మన్ పిలిచాడు. "అమ్మా... ఈసారి మాట్లాడలేదేంటి?"

"సరిగ్గా వచ్చింది" అంది ఆవిడ. "అందుకని."

పొద్దున్నకల్లా షాపు ఖాళీ అయింది. సరిచేసిన ఎమ్యులేటరు ఆడుకునేవాళ్ళందరికీ వెళ్ళింది. గుహలో డ్రమ్ము ఎంత బాగుందోనని ఎవరెవరో రాశారు. నాలుగో షట్టరు వెనక మళ్ళీ చప్పుడు లేదు. టైలరు స్కూటరు అక్కడే పెట్టుకుంటున్నాడు.

మూడు వారాల తర్వాత, ఆవిడ ఉండే ఇంటి కింది వాటాలోకి కొత్తగా దిగిన టీచరమ్మ ఒక సాయంత్రం తలుపు తట్టింది. లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడింది.

"ఏమీ అనుకోకండి. మీరు ఒక్కరే ఉంటారని చెప్పారు. మరి రాత్రి పదిన్నరకి... ఎవరో మగమనిషి మాట్లాడతాడు."

"మా తమ్ముడండీ."

అందరికీ పంపినదాంట్లో, డ్రమ్ము దగ్గర ఆగమనే ఆ వరస ఉంది. ఇంటికి తెచ్చుకున్న తమ్ముడి కంప్యూటరులో మాత్రం ఆవిడ దాన్ని తీసేసింది.

"రోజూ కాదు, కాదంటుంటాడు పాపం" అంది టీచరమ్మ, కాస్త ఊపిరి పీల్చుకుని. "మీరేమో ఒక్క మాట కూడా తిరిగి అనరు?"

"ఏమంటానండీ" అంది. "వాడు చెప్పేది నిజమే."