నూతి పక్క నేల

కొండవాలున ఉన్న ఆ ఎకరం నేలకి చెడ్డపేరు. మధ్యలో పాత రాతి నుయ్యి ఒకటి. చూడ్డానికి వెళ్ళినవాళ్ళు చాలామందే. కొన్నవాళ్ళు మాత్రం లేరు. పోనీ ఎందుకు కొనలేదయ్యా అంటే, అదీ చెప్పరు... తల దించుకుని వేరే మాట ఎత్తుకుంటారు.

నాకు ఒకడు చెప్పాడు. చిన్నప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. ఎక్కాలు తప్పేవాడు కాదు గానీ, కన్నెప్పుడూ పక్కవాడి పలక మీదే. పెద్దయ్యాక తాపీమేస్త్రి అయ్యాడు. అతనూ, వడ్రంగి పని చేసే అతని తోడల్లుడూ పరాయి దేశంలో పనికి కుదిరి, పన్నెండేళ్ళుగా పక్కపక్క అద్దె గదుల్లో కాపురం. అక్కాచెల్లెళ్ళిద్దరి మధ్యా ఒకటే గోడ.

అక్కడే ఊరవతల కాస్త నేల కొని, సొంత చేతుల్తో ఇల్లు కట్టుకోవాలని ఇద్దరికీ కోరిక. సెలవొస్తే చాలు, వడ్రంగి పాత వ్యానులో వెతుకులాట. నేల బాగుంటే దారి ఉండదు, దారి ఉంటే నీళ్ళుండవు.

మేస్త్రి కడుపులో ఇంకో కోరిక కూడా ఉంది. తనకి దొరక్కపోయినా ఫరవాలేదు, తోడల్లుడికి మాత్రం ముందు దొరక్కూడదు. వాళ్ళ గదికి కిటికీ ఉంది, తమ గదికి లేదు. యజమాని ఆయన్ని పేరు పెట్టి పిలుస్తాడు, తనని చెయ్యూపి పిలుస్తాడు. ఇలాంటివన్నీ ఇటుక మీద ఇటుకలా మనసులో పేర్చుకుంటూ వచ్చాడు.

ఒకరోజు గోడ అవతల నుంచి, భార్యతో అంటున్న వడ్రంగి గొంతు వినబడింది.

"కొండవాలుది చూశాను. బంగారంలాంటి నేల. ఇప్పుడే ఎవరికీ చెప్పకు."

మేస్త్రి గోడకి చెవి ఆనించాడు. అతని భార్య చూడనే చూసింది.

"మా బావ పక్క గదిలోనేగా ఉన్నాడు. వెళ్ళి అడగొచ్చుగా?"

"అడిగితే చెప్తాడా? ఎవరికీ అంటే ఎవరికి? నాకే."

"ఇంతకీ మీకు ఇల్లు కావాలా, ఆయనకి లేకపోవడం కావాలా?"

మర్నాడు పని దిగగానే మేస్త్రి, తోటి పనివాడి కారు అడిగి ఒక్కడే బయల్దేరాడు. చేరేసరికి మునిమాపు వేళ.

నేల నిజంగానే బంగారం. మెత్తటి నల్లమట్టి. గాలికి అడ్డంగా చెట్ల వరస. గుమ్మం ఎక్కడ పెట్టాలో, వంటగది ఎటు రావాలో కళ్ళకి కట్టింది. మరుక్షణం అదే గుమ్మంలో వడ్రంగి నిలబడినట్టు అనిపించింది.

నీళ్ళెంత లోతున్నాయో చూడాలి. తాపీపనివాళ్ళకి ఒక అలవాటుంది. నూతిలో రాయి వదిలి, చప్పుడయ్యేదాకా పైకి లెక్కపెడతారు. వదిలాడు.

"ఒకటి... రెండు... మూడు..."

చప్పుడు లేదు.

"నాలుగు," అంది లోపలి నుంచి ఒక గొంతు.

తెలుగులో.

ఆ చుట్టుపక్కల తెలుగు మాట వినబడేది వాళ్ళ రెండు గదుల్లోనే. మేస్త్రి నూతి గట్టు గట్టిగా పట్టుకున్నాడు.

"ఎవరది?"

"నేనే తమ్ముడూ... నీళ్ళు చూద్దామని దిగితే మెట్టు విరిగింది. కాలు కదలడం లేదు. తాడుంటే వెయ్యి."

తోడల్లుడి గొంతే. సందేహం లేదు.

కారులో తాడుంది. తెచ్చాడు. చేతికి చుట్టుకున్నాడు. వంగాడు... ఆగాడు.

"అన్నయ్యా, ఈ నేల కొంటున్నావా?"

"ముందు తాడు వెయ్యి, తమ్ముడూ."

"అడిగినదానికి చెప్పు."

లోపల్నుంచి సన్నగా — "నువ్వే తీసుకో."

పైకొచ్చాక మాట మారుస్తాడులే, అనుకున్నాడు మేస్త్రి. కాస్త చలిలో ఉండనీ. కాసేపే... తాడు చుట్టచుట్టి కారులో పడేశాడు. "మనుషుల్ని తీసుకొస్తా," అని కేకేసి బండి తిప్పాడు. దారిలో మనుషులున్న ఇళ్ళు చాలానే వచ్చాయి. ఎక్కడా ఆపలేదు.

ఇంటికొచ్చేసరికి మెట్ల మీద వడ్రంగి కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద పొడిబట్టలు. చేతిలో నేల పటం.

"ఎక్కడికెళ్ళావోయ్? ఇందాకట్నించీ నీకోసమే చూస్తున్నా. కొండవాలున నేల ఒకటి దొరికింది, చెరిసగం తీసుకుందాం. ఖాయమయ్యాక చెబుదామని మీ వదినని కూడా నోరు మెదపొద్దన్నా."

మేస్త్రి ఆ పొడిబట్టల వంకే చూస్తూ అన్నాడు —

"అక్కడ... నూతిలో మనిషి ఉన్నాడు."

ఎవరని వడ్రంగి అడగలేదు. నువ్వెందుకెళ్ళావనీ అడగలేదు. కారులోంచి తాడు లాక్కుని, "పద," అంటూ వ్యానెక్కాడు.

వెళ్ళేసరికి చీకటి చిక్కబడింది. వడ్రంగి టార్చి పట్టుకుని పరుగున పోయి నూతిలోకి వంగాడు. మేస్త్రి వ్యాను దగ్గరే ఉండిపోయాడు.

"ఎవరు లోపల?"

"అన్నయ్యా... తాడు వెయ్యి..."

ఈసారి ఆ గొంతు వడ్రంగిది కాదు. మేస్త్రిది. తన గొంతు తనకే వినబడింది, నూతి అడుగు నుంచి.

వడ్రంగి ఒక్క క్షణం ఆగలేదు. సర్రున తాడు వదిలాడు.

"పట్టుకో తమ్ముడూ, లాగుతున్నా."

తాడు బిగిసింది.

అప్పుడు... అప్పుడు వడ్రంగి వెనక్కి తిరిగి, మేస్త్రి నిలబడి ఉన్న వ్యాను వైపు చూశాడు.