ఏడో గుడారంలో ఊపిరి

అన్యాయం జరిగింది దుప్పటక్కకి. జరిగింది జూన్ పద్నాలుగు, శనివారం, పొద్దున్న పదింటికి - మూడో కుటుంబం పిల్లల్ని చంకనేసుకుని కారెక్కుతుండగా.

"ఇదంతా నీ నోటి చలవే!" అని విరుచుకుపడ్డాడు ఓనరు. "ఏడో గుడారం గురించి ఏవేవో కూస్తావు, పిల్లలు జడుసుకుంటారు. నెలాఖరుదాకా ఉండు. ఆపైన పని మానేసి, ఇక్కడి గది ఖాళీ చెయ్యి."

ఆ విడిదిలో పరుపులు సర్ది, దుప్పట్లు ఉతికి ఆరేసే మనిషి గనక ఆమె దుప్పటక్క అయింది. విడిదంటే పొలాల మధ్య ఏడు గుడారాలు. ఒక్కోదాన్లో డబుల్ కాట్ మంచం, తివాచీ, వేణ్ణీళ్ళ షవరు. వచ్చేవాళ్ళకి ప్రకృతి ఒడిలో పడుకోవాలని ఉంటుంది గానీ, ఆ ప్రకృతి చీమ రూపంలో కూడా లోపలికి రాకూడదు. "పిల్లాపాపలతో రండి" అని గేటుకి బోర్డు.

ఆ గేటు ముందే దుప్పటక్క కూతురి బడి బస్సు ఆగుతుంది. గది పోతే బస్సు పోయినట్టే. బస్సు పోతే పిల్ల తొమ్మిదో తరగతి అక్కడితో సరి.

ఇక ఏడో గుడారం... వరసలో అదే ఆఖరిది. దాని వెనక పాడుబడ్డ సున్నపు బట్టీ. ఎప్పుడో ఒక కూలీ ఆ పొగలో ఊపిరాడక పోయాడట. ఇప్పటికీ గాలి కోసం వెతుక్కుంటున్నాడట. అర్ధరాత్రి దాటాక మంచం పక్కనే ఎవరో ఊపిరి లాగుతారు... లాగి... ఆపేస్తారు. మళ్ళీ ఎప్పుడు వదులుతారా అని పడుకున్నవాళ్ళు తమ ఊపిరి బిగబట్టుకుంటారు!

"ఆ బట్టీ పేరు నేనెత్తితే ఒట్టు," అంది దుప్పటక్క. "ఇవాళ నేనే పడుకుంటానక్కడ. తేల్చేస్తాను."

"పడుకో. అద్దె అడగన్లే," అన్నాడు ఓనరు. ఎంత ఉదారుడో!

ఒంటరి ఆడదాని మాట ఎవరు నమ్ముతారు? అందుకని వంటాయన్ని సాక్షిగా వెంటబెట్టుకుంది. ఆయన ఆరడుగుల మనిషి. అట్లకాడ పట్టుకొచ్చాడు.

"దెయ్యానికి అట్టు తిప్పుతావా, బాబాయ్?"

"నవ్వకే తల్లీ... నాకసలే బీపీ."

పదకొండు. పన్నెండు. ఒంటిగంట...

ఏమీ లేదు. బాబాయ్ కుర్చీలో కునుకు తీస్తున్నాడు.

రెండు దాటింది. అప్పుడు -

హ్ఁ...ర్ర్ర్...

దుప్పటక్క చప్పున లేచి కూర్చుంది. శబ్దం తలదగ్గరే. లాగుతోంది... లాగుతోంది... ఆగిపోయింది.

ఒకటి... రెండు... మూడు... పది అంకెలు లెక్కపెట్టింది. పదకొండో అంకెకి -

ఫుస్స్...

"అమ్మా..." అంది చీకటి. "దీపం... ఆర్పకే..."

బాబాయ్ చేతిలోంచి అట్లకాడ జారింది. "పోదాం పదవే," అని గొణిగాడు.

ఆమె కదల్లేదు. తలవైపు బల్ల మీది గుడ్లగూబ బొమ్మ పొట్టలో పచ్చ దీపాలు వెలుగుతున్నాయి. ఊపిరి లాగితే నాలుగు వెలుగుతాయి, ఆగితే ఆరిపోతాయి. ఆమె కళ్ళు చిన్నవయ్యాయి.

ఈ నెల మొదట్లో ఓనరు తెప్పించిన జత అది. ఒకటి ఉయ్యాల దగ్గర, ఒకటి ఆఫీసులో. గుడారంలో పాప ఏడిస్తే ఆఫీసులో వినబడుతుంది, అమ్మానాన్నలు నింపాదిగా భోంచేయొచ్చు. "మిషన్లు నువ్వు ముట్టుకోకు, పాడుచేస్తావు," అని స్వయంగా తన చేతుల్తోనే అమర్చాడు.

"బాబాయ్, లే."

గుడ్లగూబని చంకలో పెట్టుకుని, తడిగడ్డి మీద ఆఫీసుకి నడిచింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల ట్యూబ్‌లైటు ధగధగా వెలుగుతోంది. మడత మంచం మీద, ఆమె ఉతికిన దుప్పట్లో, నోరు తెరుచుకుని ఓనరు. తలగడ పక్కన రెండో గుడ్లగూబ.

ఆమె ఇంకో అడుగు వేసింది.

కీఁఁఁఁచ్‌మని రెండు బొమ్మలూ ఒకదాన్ని చూసి ఒకటి అరిచాయి!

"దెయ్యం! అమ్మా, దెయ్యం!" ఓనరు ఒక్క గెంతులో బల్లెక్కాడు.

"దెయ్యం కాదు సార్, మీ గురక. ఏడో గుడారంలో దొరికింది, ఇచ్చిపోదామని తెచ్చాను."

ఆయన ఈ బొమ్మని చూశాడు, ఆ బొమ్మని చూశాడు. "అంటే... వినేది ఇక్కడా, వినిపించేది అక్కడా పెట్టానా?"

"మూడు కుటుంబాలు మీ పక్కలో పడుకుని వెళ్ళాయి సార్."

బాబాయ్ నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

ఓనరు బల్ల దిగి గొంతు తగ్గించాడు. "లైటు సంగతి మాత్రం... ఎవరికీ చెప్పకక్కా."

"నేనా? కబుర్లు చెప్పేదాన్నని వెళ్ళగొడుతున్నారుగా, ఇంకేం చెబుతాను! బాబాయ్ సంగతి మాత్రం నాకు తెలీదు." కాగితం, పెన్నూ ఆయన ముందుకి తోసింది. "రాయండి. ఆ మూడు కుటుంబాలకీ పంపాలి."

"పొద్దున్న రాస్తాలే."

"పొద్దున్నకి మీకు ధైర్యం వచ్చేస్తుంది సార్. ఇప్పుడే రాయండి."

రాశాడు. "మిమ్మల్ని భయపెట్టినది నా గురక. మిషన్లు తారుమారు చేసినది నేను. దుప్పటక్క ఒక్క మాటా అనలేదు. ఆమె ఉద్యోగమూ గదీ ఆమెవే." కింద సంతకం.

"తేదీ కూడా వెయ్యండి. టైముతో సహా. రేపు కలగన్నానంటారు."

ఆయన గోడ గడియారం వైపు చూసి వేశాడు: జూన్ పదిహేను, ఆదివారం, తెల్లవారుజామున మూడూ నలభై.