ఒక అయస్కాంతం తక్కువ

“ఒక లెన్సు తక్కువ వచ్చింది టీచర్ గారూ.”

మ్యూజియం కౌంటర్ వెనక నిలబడిన అతను పెట్టె మూత తీసి చూపించాడు. బడులకు అరువిచ్చే సైన్సు పెట్టె అది. లోపల స్పాంజిలో ప్రతి వస్తువుకూ దాని ఆకారంలోనే చోటు కోసి ఉంటుంది. గుండ్రటి చోటు ఒకటి ఖాళీగా ఉంది.

“అంటే మా పిల్లలు కాజేశారంటారా?” టీచరుకు ముక్కు మీదకు కోపం వచ్చేసింది.

“అయ్యో, నేనలా అన్నానా?”

“అనలేదు. చూశారు!”

ఇంటికెళ్లి బ్యాగు దులిపితే, లెన్సు గొడుగు మడతల్లోంచి జారిపడింది. మర్నాడు వానలో తడుస్తూ, తలెత్తలేక తెచ్చి ఇచ్చింది. అతను దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి కంటి దగ్గర పెట్టుకున్నాడు.

“ఏం చూస్తున్నారు?”

“కోపం ఇంకా ఎంత మిగిలిందో.”

ఆమెకు నవ్వాగలేదు.

ఆ తర్వాత శనివారాలు మ్యూజియంలో జరిగే టీచర్ల ట్రైనింగుకు అందరికంటే ముందు ఆమే వచ్చేది. అతనే నేర్పేవాడు. అట్టడబ్బాతో కెమెరా చేయించి, బొమ్మ తలకిందులుగా ఎందుకు పడుతుందో చెబుతూ ఆమె వైపు చూసేవాడు. చూసి, చెప్పేది మరిచిపోయేవాడు. వెనక బెంచీలోని పెద్ద మాస్టారు చిన్నగా దగ్గేవారు.

ట్రైనింగు చివరి రోజు ఒక శుభవార్త చెప్పారు. ఇకమీదట పెట్టెలు వ్యానులో నేరుగా బడికే వస్తాయట, టీచర్లు ఇంత దూరం రానక్కర్లేదట. అందరితోపాటు ఆమె కూడా చప్పట్లు కొట్టింది. కళ్లు మాత్రం చురుక్కుమన్నాయి.

చివరిసారి తిరిగివ్వడానికి తెచ్చిన పెట్టెలోంచి ఒక అయస్కాంతం తీసి దాచుకుంది. తక్కువైందని అంటాడు కదా, మళ్లీ రావచ్చు కదా అని.

అతను ఖాళీ చోటు చూశాడు. మూత వేసేశాడు.

“అన్నీ సరిగ్గా ఉన్నాయి టీచర్ గారూ.”

తన కోసం ఒక్క మాట కూడా ఖర్చు పెట్టలేకపోయాడా? దారంతా అదే బాధ.

తర్వాత వ్యాను వస్తూనే ఉంది. పెట్టె తెరిచిన ప్రతిసారీ, ఇవన్నీ సర్దినవి అతని చేతులేనని, ఆమె స్పాంజి అంచులు తడిమేది. పెట్టెలో ఎప్పుడూ ఏదీ తక్కువ రాలేదు.

ఇంట్లో బీరువాకు అంటించిన అయస్కాంతాన్ని వదిన చూసింది.

“ఎవరిదమ్మా ఇది?”

“మ్యూజియానిది.”

“వాళ్లు అడగలేదా?”

“అడగలేదు వదినా.” ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది.

వదినకు అంతా అర్థమైపోయింది. “నోరు లేని అయస్కాంతంతో కబురంపితే ఎవరికి తెలుస్తుందే పిచ్చిపిల్లా? మీ అన్నయ్య సంబంధాలు చూడ్డం మొదలెట్టాడు. వెళ్లి నువ్వే అడుగు.”

వెళ్లింది. మళ్లీ వానే. అయస్కాంతాన్ని కౌంటర్ మీద పెట్టింది.

“ఇది తక్కువైందని ఆ రోజు ఎందుకు చెప్పలేదు?”

“చెబితే మళ్లీ కోప్పడతారని. బజారులో ఇంకోటి కొని పెట్టేశాను.”

“కోప్పడ్డానికైనా వద్దామనుకున్నానండీ నేను!”

“మీరు రాని శనివారాలు నాకెలా గడిచాయో తెలుసా?” అన్నాడు అతను, చాలా మెల్లగా. తర్వాత అయస్కాంతం చేతిలోకి తీసుకున్నాడు. “మరి దీనికి పెట్టెలో చోటు లేదే?”

“మా బీరువా మీద ఉంది.” ఆమె గొడుగు వైపు చూస్తూ అంది. “ఆదివారం వదిన, అన్నయ్య ఇంట్లోనే ఉంటారు. మీరే తెచ్చి పెట్టండి.”